బంజరు, చెల్క, ముంపు: సిద్దిపేట ప్రాంతంలో నేల చదును, ఇంటి జాగా, హక్కుల చరిత్ర

వ్యాససంగ్రహం:
కంప నరికి, వేర్లు తవ్వి, రాళ్ళు ఏరి నేలను ఇంటికీ సేద్యానికీ అనువుగా మలచుకోవడం దక్కను పీఠభూమిలో ప్రతి గ్రామానికీ తొలి అధ్యాయం. ఆ శ్రమకు రెవెన్యూ చరిత్రలో దక్కిన చోటు మాత్రం చాలా తక్కువ. సిద్దిపేట ప్రాంతంలోని బృహచ్ఛిలా యుగపు సమాధులు మొదలుకొని నిజాం కాలపు లావుణి విధానం, పహాణీ నమోదులు, మల్లన్నసాగర్ ముంపు గ్రామాల పునరావాసం వరకు ఈ శ్రమ ఎక్కడ నమోదైంది, ఎక్కడ చెరిగిపోయింది అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేలను చదును చేసినవారి హక్కుకు పహాణీలోని అనుభవదారు గడి ప్రధాన లిఖితాధారంగా నిలిచిందనీ, పరిహారపు లెక్కలో ఆ శ్రమకు ప్రత్యేక స్థానం లేదనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: బంజరు, చెల్క, లావుణి పట్టా, శివాయి జమాబందీ, పహాణీ, మల్లన్నసాగర్, పునరావాసం, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం:
ఇల్లు కట్టుకొనేవారు ముందు ముగ్గు పోస్తారు. ముగ్గు పోయడానికి ముందు జాగా చదును కావాలి. చదునుకు ముందు ఆ నేల మీద తుమ్మ, బలుసు, పరికి, రేగు, మోదుగ, తంగేడు వంటి చెట్టూచేమా ఉంటాయి. వాటిని ఆశ్రయించుకొన్న పురుగూపుట్రా, పిట్టా ఉంటాయి. ఆ నేలలో పశువులను మేపుకొనేవారో, కట్టెలు ఏరుకొనేవారో ఉంటారు. చరిత్ర రచన సాధారణంగా ముగ్గు పోసిన నాటినుంచి మొదలవుతుంది. శాసనాలు దాతను, దానం పొందినవారిని, ఎల్లలను చెబుతాయి. రెవెన్యూ లెక్కలు శిస్తును, పట్టాదారును చెబుతాయి. కంప నరికిన చేయి ఎవరిదో చెప్పే సందర్భాలు అరుదు.

2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత మెదక్ జిల్లా నుంచి, కొంత కరీంనగర్, వరంగల్ జిల్లాల భాగాలనుంచి ఏర్పడిన సిద్దిపేట జిల్లా ఈ అధ్యయనానికి అనువైన క్షేత్రం. వేల ఏళ్ళ కిందటి తొలి ఆవాసాల ఆనవాళ్ళు, నిజాం కాలపు బంజరు భూముల చరిత్ర, ఇరవైయొకటో శతాబ్దంలో ఊళ్ళకు ఊళ్ళే నీట మునిగి ప్రజలు కొత్త జాగాలకు తరలిన అనుభవం, ఈ మూడూ ఇక్కడ ఒకే నేల మీద కనిపిస్తాయి.

2. ఊరి పేరులో మిగిలిన బంజరు:
మల్లన్నసాగర్ జలాశయం కింద ఖాళీ అయిన గ్రామాలలో తొగుట మండలానికి చెందిన బ్రాహ్మణ బంజేరుపల్లి ఒకటి. 'బంజరు' హిందుస్తానీ నుంచి తెలుగులో స్థిరపడిన మాట. సేద్యం లేక పడి ఉన్న నేల అని అర్థం. 'బంజేరు' దాని స్థానిక రూపం. సాగులేని నేల మీద ఊరు వెలిసిన సంగతిని ఆ పేరు గుర్తు పెట్టుకొంది. 'బ్రాహ్మణ' అనే విశేషణం దానం పొందినవారినో, భూస్వామ్యాన్నో సూచిస్తున్నట్లు కనిపిస్తుంది. హక్కు ఎవరిదో పేరులోని మొదటి మాట చెబుతుంటే, నేల పూర్వస్థితి ఏమిటో రెండో మాట చెబుతున్నది. ఆ స్థితిని మార్చినవారి ఊసు పేరులో లేదు.

అదే మండలంలోని ఏటిగడ్డ కిష్టాపూర్ పేరు వాగు ఒడ్డును, వేములఘాట్ పేరు వేపచెట్టును తలపిస్తాయి. గ్రామనామాలు శాసనాల వలె తేదీ చెప్పవు. వాటినుంచి కాలనిర్ణయం చేయడం ప్రమాదకరం. అయినా, నీరు, చెట్టు, బీడు అనే మూడు గుర్తులతో మనుషులు నేలను పోల్చుకొన్న తీరు ఈ పేర్లలో నిలిచి ఉంది. ఊళ్ళు మునిగిన తరువాత ఈ పేర్లే ఆ నేలకు మిగిలిన మౌఖిక దస్తావేజులు.

3. గొడ్డలి, సమాధి, చెరువు:
సిద్దిపేట సమీపంలోని పుల్లూరు, నంగునూరు మండలంలోని నర్మెట గ్రామాలలో తెలంగాణ పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో బృహచ్ఛిలా యుగపు సమాధులు బయటపడ్డాయి. నర్మెటలో ఒక సమాధిపై కప్పిన బండ బరువు సుమారు 40 టన్నులని అంచనా. అంత బండను తొలిచి, తరలించి, పైకెత్తి నిలపడానికి వందలాది చేతులు కలవాలి. ఆ చేతులకు తిండి పెట్టే సేద్యమో, పశుసంపదో ఉండాలి. దక్కను బృహచ్ఛిలా సమాధులలో ఇనుప గొడ్డళ్ళు, ఉలులు, కత్తులు లభించడం సాధారణం. గట్టి మొరం నేలలో పొద నరకడానికీ వేరు పెకలించడానికీ ఇనుము తెచ్చిన వెసులుబాటు రాతి పనిముట్లతో సాధ్యమయ్యేది కాదు. చచ్చినవారి పక్కన గొడ్డలిని ఉంచిన సమాజం దానిని కేవలం ఆయుధంగానే చూసిందనుకోవడం కష్టం.

కాకతీయ యుగంలో ఎత్తైన తెలంగాణ మెట్ట ప్రాంతానికి చెరువుల ద్వారా సేద్యం విస్తరించింది. ఈ విస్తరణను సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథంలో శాసనాధారాలతో వివరించారు. మెకంజీ సేకరించిన కైఫియత్తులలో ప్రతాపరుద్రుడు అడవులు కొట్టించి ఊళ్ళు కట్టించాడనే కథనాలు, ప్రధానంగా రాయలసీమ ప్రాంతానికి సంబంధించినవి, కనిపిస్తాయి. కైఫియత్తులు తరువాతి కాలపు జ్ఞాపకాలు కనుక వాటిని యథాతథంగా స్వీకరించలేము. కాని, రాజు గొప్పతనాన్ని చెప్పడానికి యుద్ధంతోపాటు అడవి నరికించిన సంగతినీ గ్రామకరణాలు ఎంచుకోవడం గమనార్హం. అక్కడ కూడా కర్త రాజే. 'కొట్టించాడు' అనే ప్రేరణార్థక క్రియలో కొట్టినవారు దాగిపోయారు.

4. గ్రంథాలలో నేల శుద్ధి:
నేలను ఇంటికి సిద్ధం చేయడం హింసతో కూడినదని ప్రాచీన గ్రంథకర్తలకు తెలుసు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తువిద్యాధ్యాయం ఇంటి నేల పరీక్షలను వివరిస్తుంది: గొయ్యి తవ్వి అదే మట్టితో పూడ్చి చూడడం, దున్నిన నేలలో విత్తులు మొలకెత్తడం, అక్కడ ఆవులు విడిసి ఉండడం. ఇంటి కన్నా ముందు పొలం కావాలన్నది ఈ పరీక్షల సారం. అదే గ్రంథంలోని వనసంప్రవేశాధ్యాయం ప్రతిమ కోసం చెట్టును నరికే ముందు దానిలో నివసించే భూతాలకు బలి సమర్పించి, మరోచోటికి తరలిపొమ్మని వేడుకోవాలని విధిస్తుంది. నరకడం ఆగదు, కాని అక్కడ ముందే ఒకరు నివసిస్తున్నారన్న అంగీకారం ఆ వేడుకోలులో ఉంది.

నన్నయ తెనిగించిన ఆదిపర్వం చివర వచ్చే ఖాండవదహనంలో ఆ వేడుకోలు లేదు. ధృతరాష్ట్రుడు పాండవులకు ఇచ్చిన అర్ధరాజ్యం ఖాండవప్రస్థం. నగరం వెలిసిన తరువాత పక్కనున్న అడవిని అగ్ని కోరిక మేరకు కృష్ణార్జునులు దహింపజేశారు. బతికి బయటపడినవారిలో మయుడు ఒకడు. సభాపర్వంలో ధర్మరాజుకు మయసభను కట్టి ఇచ్చినవాడు అతడే. కాలిన అడవినుంచి మిగిలినవాడే కొత్త భవనానికి శిల్పి కావడంలోని విషాదాన్ని ఇతిహాసం వాచ్యం చేయదు. ఈ దహనాన్ని భూమి కోసం సాగించిన సంహారంగా ఇరావతీ కర్వే 'యుగాంత'లో చదివారు. నిర్వాసితుడి నైపుణ్యం కొత్త నిర్మాణానికి ఉపయోగపడుతుంది గాని, అతడి పాత నివాసం లెక్కలోకి రాదు. ఈ క్రమం ఇతిహాసానికే పరిమితం కాదు.

5. బీడు చెల్కగా మారే క్రమం:
తెలంగాణ మెట్ట ప్రాంతంలోని ఎర్రని తేలిక నేలను చెల్క అంటారు. బీడును చెల్కగా మార్చే పని ఒక ఎండాకాలంతో తీరేది కాదు. పంట కోతలు ముగిసి, కూలి పనులు పలచబడిన తరువాత కంప కొట్టడం మొదలవుతుంది. కొట్టిన కంపను ఎండనిచ్చి, తొలకరికి ముందు తగలబెడతారు. కొంత కంపను మాత్రం దడి కట్టడానికి దాచుకొంటారు. మొదళ్ళను గడ్డపారతో తవ్వి తీయాలి. వేరు మిగిలితే వానకు మళ్ళీ చిగురిస్తుంది. ఏరిన రాళ్ళు గెట్ల మీదికి చేరి హద్దులవుతాయి. తొలి ఏళ్ళలో ఆముదం, ఉలవ వంటి మొండి పంటలు వేసి, చెరువు మట్టి తోలి, మెల్లగా జొన్నకూ మక్కకూ నేలను అలవాటు చేస్తారు. ఇంటి జాగాకైతే మరో పని కూడా ఉంది: పుట్టలు తవ్వి, గుంతలు పూడ్చి, మొరం పోసి దిమ్మిస కొట్టాలి.

అన్ని చెట్లనూ నరకరు. వేప, ఇప్ప, మామిడి వంటివి నీడకో, పండుకో, పువ్వుకో నిలుస్తాయి. తాటి, ఈత చెట్ల మీద ఆబ్కారీ శాఖకు హక్కు ఉండేది. టేకు వంటి విలువైన చెట్లను సొంత పట్టా భూమిలోనైనా అనుమతి లేకుండా కొట్టడానికి వీలు లేదు. 2002 నాటి వాల్టా చట్టం చెట్ల నరికివేతకు అనుమతిని తప్పనిసరి చేసింది. కాబట్టి చదును చేసేవాడి గొడ్డలి ఎప్పుడూ పూర్తి స్వేచ్ఛతో కదలలేదు.

బీడు కూడా మారుతూ వచ్చింది. ఇవాళ పడావు భూములను కమ్మేసిన సర్కారు తుమ్మ ఈ దేశపు చెట్టు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారుల చొరవతో 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటిన ఈ అమెరికా ఖండపు చెట్టు, వంటచెరకు కొరతను తీర్చడానికి ఉద్దేశించినది. సర్కారు నాటినందుకే జనం దానికి ఆ పేరు పెట్టారు. నరికిన కొద్దీ మొదలునుంచి చిగురించే దాని స్వభావం వల్ల మోడును పెకలించేదాకా చదును పూర్తి కాదు. చేతి గొడ్డలి స్థానంలో పొక్లెయిన్ రావడానికి గల కారణాలలో ఇదొకటి.

6. కాగితం మీద చెల్క:
సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో హైదరాబాదు రాజ్యానికి ఆదాయం పెరగాలంటే బంజరు సాగులోకి రావాలి. పాడుబడిన ఊళ్ళను, బీళ్ళను దీర్ఘకాలపు ఇజారాకు ఇచ్చే పద్ధతి ఆ అవసరంనుంచి వచ్చినదే. ఇజారాదారు పేరు దస్తావేజులో నిలిచింది. అతడు తెచ్చి నిలిపిన కాపులు, కూలీలు, వెట్టివారు నిలవలేదు.

1317 ఫసలీ (1907-08) నాటి హైదరాబాదు భూమి శిస్తు చట్టం ప్రకారం, ఎవరి ఆక్రమణలోనూ లేని భూమిని సాగు చేయదలచినవారు తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి లిఖితపూర్వకమైన అనుమతి పొందాలి. ఈ కేటాయింపే లావుణి. చట్టంలోని 58-ఎ సెక్షన్ కొన్ని భూములను అన్యాక్రాంతం చేయడానికి వీలులేనివిగా చేసింది. అనుమతి లేకుండా సాగు చేస్తే అది శివాయి జమాబందీ, అంటే జమాబందీకి వెలుపలి సాగు. దానికి శిస్తుతో పాటు జరిమానా వసూలు చేసేవారు. ఇక్కడొక వైరుధ్యం ఉంది. జరిమానా రసీదు సాగుదారును తప్పుచేసినవాడిగా చూపుతుంది. అదే రసీదు అతడు ఆ నేలను ఫలానా సంవత్సరం సాగు చేశాడనడానికి సాక్ష్యమూ అవుతుంది. పేద రైతులు శివాయి జమాబందీ రసీదులను తరతరాలుగా భద్రపరచుకోవడానికి కారణం ఇదే.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బంజర్లు, అటవీ భూములు సంఘాల ఆధ్వర్యంలో సాగులోకి వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్ర గ్రంథంలో పది లక్షల ఎకరాల పంపిణీ జరిగిందని పేర్కొన్నారు. ఇది ఉద్యమపక్షపు లెక్క. హైదరాబాదు రాజ్యం విలీనమైన తరువాత 1950లో వచ్చిన లావుణి నిబంధనలు, 1958 నాటి 1406 నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం పేదలకు బంజరు ఇచ్చాయి, అమ్ముకొనే హక్కును నిరోధించాయి. అమ్మకాన్ని నిరోధించడం పేదల రక్షణ కోసమే. అయితే, సర్కారు ఆ భూమిని తిరిగి తీసుకొనే సందర్భంలో 'ఇది మేమిచ్చినదే' అనే వాదానికి అదే ఆధారమైంది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఈ వాదాన్ని తిరస్కరించి, అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనానికి తీసుకొన్నప్పుడు పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణలో భూమి హక్కులకు మూలాధారం. పహాణీలో పట్టాదారు గడి, అనుభవదారు గడి వేర్వేరుగా ఉండేవి. మొదటి గడి హక్కును చెబితే, రెండోది నేలతో సంబంధాన్ని చెప్పేది. కౌలుదారులు, సాదాబైనామాపై కొన్నవారు, శివాయి జమాబందీ సాగుదారులు కనిపించేది రెండో గడిలోనే. ఆ గడిలో పట్వారీ పలుకుబడి కూడా నమోదయ్యేదన్నది వాస్తవమే. పట్టాదారును కాపాడే తప్పుడు నమోదులూ ఉన్నాయి. అయినా, చదును చేసిన చేతి గురుతు ఏడాదికేడాది లెక్కకెక్కే అవకాశం ఉన్నది అక్కడే. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి వ్యవస్థలో అనుభవదారు గడికి చోటు లేకపోయింది. పరిపాలనకు ఇది సరళీకరణ. చరిత్రకారుడికి మాత్రం ఒక మూలాధారం ఆగిపోయిన తేదీ.

7. మల్లన్నసాగర్, లెక్కకు రాని శ్రమ:
కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో 50 టీఎంసీల సామర్థ్యంతో రూపొందిన మల్లన్నసాగర్ కోసం తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, కొండపాక మండలంలోని ఎర్రవల్లి, సింగారం గ్రామాలు ఖాళీ అయ్యాయి. జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. కరువు మెట్టకు గోదావరి నీరు అందించడం పథకం లక్ష్యం. తరాలుగా చెరువు మీద, బోరు మీద ఆధారపడిన ప్రాంతంలో ఆ లక్ష్యపు విలువను తక్కువ చేయనక్కరలేదు. ప్రశ్న ఆ నీటికి చెల్లించిన మూల్యం ఎలా లెక్కించారన్నది.

2015 జూలై 30 నాటి 123 నంబరు ఉత్తర్వు ద్వారా ప్రభుత్వం భూములను ఇష్టపూర్వక విక్రయంగా కొనుగోలు చేసే పద్ధతిని తెచ్చింది. కొనుగోలులో అమ్మేవాడు, కొనేవాడు మాత్రమే పక్షాలు. భూమి లేని కూలీ అమ్మేవాడు కాడు. కనుక అతడికి ఆ ఒప్పందంలో చోటు లేదు. 2013 భూసేకరణ చట్టం మాత్రం మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని బాధిత కుటుంబాలుగా గుర్తించింది. మెదక్ జిల్లా వ్యవసాయ కూలీల వ్యాజ్యంపై ఉమ్మడి హైకోర్టు 2016 ఆగస్టు 3న ఈ ఉత్తర్వును కొట్టివేసింది. అంతకుముందు, 2016 జూలై 24న రాజీవ్ రహదారి వైపు సాగిన ముంపు గ్రామాల ప్రజలపై లాఠీచార్జి జరిగింది. వేములఘాట్‌లో రిలే నిరాహార దీక్షలు చాలాకాలం నడిచాయి. కోర్టు విచారణలు కొనసాగుతుండగా, 2017లో రాష్ట్రం 2013 చట్టానికి తన సవరణను తెచ్చుకొంది.

ఇక్కడ 2013 చట్టంలోని 29వ సెక్షన్ పరిశీలించదగినది. భూమికి అంటిపెట్టుకొని ఉన్న కట్టడాలకు ఇంజనీరు చేత, చెట్లకు వ్యవసాయ, అటవీ, ఉద్యాన నిపుణుల చేత, పంటలకు వ్యవసాయ నిపుణుల చేత విలువ కట్టించే ఏర్పాటు అందులో ఉంది. ఉన్న చెట్టుకు వెల ఉంది. తీసివేసిన కంపకు, ఏరిన రాయికి, తోలిన మట్టికి వేరుగా వెల లేదు. ఆ శ్రమ అంతా భూమి మార్కెట్ ధరలో కలిసిపోయి ఉంటుందని చట్టం భావిస్తుంది. ధర పొందేవాడు పట్టాదారు. తాత కాలంలో కొట్టిన చెల్కకు పట్టా లేని కుటుంబానికి ఆ ధరలో భాగం అందే దారి, అనుభవాన్ని రుజువు చేసే కాగితాన్ని బట్టి ఉంటుంది. అనుభవదారు గడి ప్రాధాన్యం ఇక్కడే తేలుతుంది.

8. కొత్త జాగా:
ముంపు గ్రామాల ప్రజలలో అత్యధికులు 2021లో గజ్వేల్ పట్టణ శివారులోని ముట్రాజ్‌పల్లి పరిసరాల పునరావాస కాలనీకి తరలారు. రెండు పడకగదుల ఇల్లు, లేదా ఇంటి స్థలం, నగదు అనే పద్ధతిలో పునరావాసం రూపొందింది. నేలను చదును చేసింది యంత్రాలు, గుత్తేదారులు. రోడ్డు, మురుగు కాలువ, కరెంటు స్తంభం ముందే ఉన్నాయి. పాత ఊళ్ళలో తరాలు పట్టిన పని ఇక్కడ కొద్ది కాలంలో ముగిసింది. సౌకర్యం దృష్ట్యా ఇది మేలే. కాని పల్లెలో ఇల్లంటే పైకప్పు ఒక్కటే కాదు. పశువుల కొట్టం, గడ్డివాము, పెరట్లో గుమ్మడి పాదు, వాకిట్లో వేప కూడా. ఇంటి నమూనా లెక్కలో ఇవి భాగం కావు. పశువులను అమ్ముకొని కాలనీకి చేరిన ఇంటికి చదరపు గజాలలో ఎంత దక్కిందో లెక్క ఉంటుంది. పెరడు పోవడం వల్ల కోల్పోయిన రోజువారీ ఆదాయానికి లెక్క ఉండదు.

తెలంగాణ పల్లెకు బొడ్రాయి నాభి. ఊరు పుట్టిన చోట దానిని ప్రతిష్ఠిస్తారు. పండుగ నాడు ఆడబిడ్డలను పిలుచుకొంటారు. కంప కొట్టి చదును చేసిన నేల 'ఊరు' అయ్యేది ఆ రాయితోనే. వనసంప్రవేశంలోని వేడుకోలు పాతవారికి వీడ్కోలు అయితే, బొడ్రాయి ప్రతిష్ఠ కొత్తవారికి హక్కు ప్రకటన. ఎనిమిది ఊళ్ళవారు ఒక పట్టణపు అంచున పక్కపక్కన స్థిరపడినప్పుడు బొడ్రాయి ఎక్కడ, ఎవరిది, పాత ఊరి పేరు వీధి పేరుగా మిగులుతుందా అనేవి పరిపాలనా ప్రశ్నలు కావు గనుక దస్త్రాలలోకి రావు. సామాజిక చరిత్రకు మాత్రం అవే ప్రధాన ప్రశ్నలు.

అడవి విషయంలో లెక్క మరో తీరున ఉంది. కాళేశ్వరం పథకం మొత్తానికి సుమారు 3,168 హెక్టార్ల అటవీ భూమి మళ్ళింపుకు అనుమతి లభించింది. దానికి ప్రత్యామ్నాయ వనీకరణ షరతు ఉంది. గజ్వేల్ సమీపంలోని సింగాయపల్లి అడవిని పునరుద్ధరించి ఆదర్శంగా చూపిన ప్రాంతం కూడా ఇదే. పోయిన అడవికి బదులు అడవి పెంచాలన్న నియమం ఉన్నట్లే, పోయిన చెల్కకు బదులు చెల్క ఇవ్వాలన్న ఆలోచన భూసేకరణ చట్టంలో ఉంది. సాగునీటి పథకాలలో భూమి కోల్పోయినవారికి వీలైనంతవరకు ఆయకట్టులో భూమి ఇవ్వాలని 2013 చట్టపు రెండో షెడ్యూలు చెబుతుంది. 'వీలైనంతవరకు' అనే మాట దగ్గర చెట్టుకూ చెల్కకూ మధ్య తేడా బయటపడుతుంది.

9. ముగింపు:
నర్మెట సమాధిపై బండను ఎత్తినవారి పేర్లు తెలియవు. ప్రతాపరుద్రుడి కోసం అడవి కొట్టినవారి పేర్లు కైఫియత్తులలో లేవు. ఆ మౌనానికి కాలదూరం కారణమని సరిపెట్టుకోవచ్చు. బ్రాహ్మణ బంజేరుపల్లి, వేములఘాట్ గ్రామాల చెల్కలను కొట్టినవారి మనుమలు ఇప్పటికీ గజ్వేల్ శివారులో నివసిస్తున్నారు. వారి విషయంలో ఆ సాకు చెల్లదు.

అందువల్ల ఈ గ్రామాల ఖాస్రా పహాణీలను, తరువాతి ఏటేటి పహాణీలను, కుటుంబాల వద్ద మిగిలిన లావుణి పట్టాలను, శివాయి జమాబందీ రసీదులను, వృద్ధుల మౌఖిక కథనాలతో పోల్చి చదవడం పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం. ఏ గెట్టు రాళ్ళు ఎవరు ఏరారు, ఏ కుంట మట్టి ఎవరు తోలారు, ఏ చెట్టును ఎందుకు నరకకుండా వదిలారు అనే వివరాలు తెలిసిన తరం ఇంకా ఉంది. నేల నీటి కింద ఉంది కనుక క్షేత్రపరిశీలనకు మిగిలినది ఆ తరం జ్ఞాపకమే. అది కూడా పోతే, ఆ నేల మొదటినుంచీ చదునుగానే ఉండేదని కాగితాలు చెబుతాయి.